రెండో తొట్టికీ వెండి మేత

చేప తిన్న మేతలోని నానో వెండి దాని ఒంట్లో ఎంత పేరుకుంటుందో తేల్చే మహత్తర పరీక్షకు, దేశంలోనే మొట్టమొదటిసారిగా, చెన్నూరు వేదిక కానుందని నానో మత్స్య మిషన్ చైర్మన్ భానుప్రసాద్ గారు ప్రకటించారు. పదవి వచ్చిన నెలలోపే 'నానో' అనే మాటను తడబడకుండా పలకడం నేర్చుకున్న మేధావి ఆయన.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది చేపలమ్మే శంకరవ్వ. చేపలకు రోగాలు రాకుండా మేతలో కంటికి కనపడనంత మెత్తటి వెండి పొడి కలుపుతున్నారనీ, అది తిన్న మనిషికీ ఎక్కుతుందనీ ఫోన్లలో వీడియో తిరిగినప్పటి నుంచి, ఆమె గంప దగ్గరికి ఈగలు తప్ప ఎవరూ రావడం లేదు. సంగతి తేలితేనే ఆమెకు బేరం.

పరీక్ష చేసేది మమతారాణి మేడం. రెండు తొట్లు పెట్టింది. ఒక తొట్టిలో వెండి మేత, రెండో తొట్టిలో ఉత్త మేత. కొన్ని వారాలయ్యాక రెండు తొట్ల చేపలనూ కోసి పోలిస్తే, ఒంట్లో ముందునుంచీ ఉన్న వెండి ఎంతో, మేతతో చేరింది ఎంతో తెలిసిపోతుంది.

చైర్మన్ గారు తనిఖీకి వచ్చి రెండో తొట్టి ముందు ఆగిపోయారు. ఆయన గుండె కలుక్కుమంది.

"వీళ్లకెందుకు వెండి ఏస్తలేరు?"

చేపలను 'వీళ్లు' అన్న తొలి నాయకుడు ఆయనే.

"పోల్చి చూడాలె గద సార్. వీటికి గూడ ఏస్తే పరీక్షే ఉండది."

"మేడం, ఒకలకిచ్చి ఒకలకు ఎగ్గొట్టుడు మా పార్టీల లేదు. రేపు గీ తొట్టోళ్లు ధర్నాకు కూసుంటే ఎవలు జవాబు చెప్తరు?"

"బాంచెన్ సారూ, మేడం మాట జర ఇను," అంది తొట్లలోకి చేపలు తెచ్చిన శంకరవ్వ.

"నువ్వు ఫికర్ చెయ్యకవ్వా. అందరికొస్తది."

కెమెరాలు సిద్ధం కాగానే వెండి మేతను దోసిలితో ఆయనే రెండో తొట్టిలో వేశారు. ఒక చేప పైకొచ్చి నోరు తెరిచింది. అది కృతజ్ఞత అని అనుచరులు ధ్రువీకరించారు. రోజూ రెండు తొట్లకూ సమానంగా వెయ్యాలని ఆర్డరైంది. మమతారాణి పై ఆఫీసరుకు ఫోన్ చేసి మొరపెట్టుకుంది. ఆయన అంతా ఓపిగ్గా విని, "ఫోటోలు మంచిగొచ్చినయా?" అని అడిగాడు.

వారాలు గడిచాయి. చేపలను కోశారు. చైర్మన్ గారు ప్రెస్ మీట్ పెట్టారు.

"చెప్పుండ్రి మేడం. తొట్టికీ తొట్టికీ తేడా ఉన్నదా?"

"తేడా లేదు సార్, గానీ రెండిట్లనూ మీరే..."

"ఇన్నరు గదా! తేడా లేదు! వెండి తిన్నా చేపే, తినకున్నా చేపే! రేపు బజార్ల, శంకరవ్వ గంపకాడ నిలవడి అందరి ముంగట నేనే చేప తింట!"

చప్పట్లలో మేడం మిగతా మాట మునిగిపోయింది. బయటికొచ్చాక శంకరవ్వ ఆమె చెయ్యి పట్టుకుంది.

"నిజం చెప్పు బిడ్డా. నా చేప తినచ్చా, తినద్దా?"

"తెల్వదవ్వా. గది తెల్సుకుంటందుకే రెండో తొట్టి పెట్టిన."

అయినా మరునాడు శంకరవ్వ బొచ్చె చేపలు ఎర్రగా వేయించి పెట్టింది. పెద్ద సారు తింటే ఊరంతా తింటుంది. సగం ఊరు అక్కడే నిలబడి చూస్తోంది. కారాగింది. చైర్మన్ గారు కాషాయం బట్టల్లో, చెప్పుల్లేకుండా, మెడలో మాలతో దిగారు. వెనక అనుచరులూ అదే వేషం.

"తినుండ్రి సారూ," అంటూ శంకరవ్వ పళ్లెం చాచింది.

"సారు గాదు, స్వామి అనాలె," అన్నాడొక అనుచరుడు.

"పొద్దుగాలనే కొండగట్టుకు పోయి హనుమాన్ మాలేసుకున్ననవ్వా. నీసు ముట్టద్దు."

"మాల తీసినంక తింటరా స్వామీ?"

"గది తీసినంక అయ్యప్ప మాల ఉన్నది. ఆ ఎన్కనే శివమాల."

అందరినీ దీవించి ఆయన కారెక్కారు. జనం పళ్లెం వైపు చూశారు, ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. శంకరవ్వ గంప మీద గుడ్డ కప్పింది. జనం మెల్లగా రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న చికెన్ సెంటర్ ముందు లైను కట్టారు.

కారును పక్కనే ఆపి, లైనులో అందరికన్నా ముందు చైర్మన్ గారి డ్రైవర్ నిలబడి ఉన్నాడు.

"స్వామి ఇంటికి రెండు కిలోలు కొట్టు. స్కిన్‌లెస్."