సంఘం తరఫున ఒక మొక్కు

ఆ శనివారం ఉదయం యోగానంద చేయాల్సిన పనులు మూడే. జెండా కర్రలకు రంగు వేయించడం, బ్యానరు ఇస్త్రీ చేయించడం, మధ్యాహ్నం భోంచేసి ఒక కునుకు తీయడం. రైల్వేలో ముప్పై నాలుగేళ్ళు గార్డుగా పనిచేసి రిటైరైన మనిషి కాబట్టి, ఏ పని ఎన్ని గంటలకో కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకున్నాడు. మరునాడు రేణిగుంట అవతల దక్షిణ సీమ అమెచ్యూర్ గోల్ఫ్ సంఘం వారి ఆ ఏటి ఆఖరి పోటీ. ఆ సంఘానికి కార్యదర్శి ఆయనే.

ఈ ఎండల సీమలో గోల్ఫ్ ఏమిటని మొదట్లో అందరూ అడిగారు. ధనంజయ అనే రైతు నలభై ఎకరాల మెట్టలో ఏళ్ళ తరబడి వేరుశనగ వేసి, వానల కోసం ఆకాశం చూసి చూసి మెడ నొప్పి పుట్టి, చివరికి తొమ్మిది గుంతలు తవ్వించి, చుట్టూ గడ్డి పెంచి, తెలిసినవాళ్ళను ఆటకు పిలిచాడు. మామిడి తోటల వాళ్ళు, బీమా ఏజెంట్లు, ఒక పళ్ళ డాక్టరు, మన గార్డుగారు, అంతా కలిసి పదకొండుమంది మగవాళ్ళు పోగయ్యారు. పన్నెండో మనిషి మునిలక్ష్మి.

మునిలక్ష్మి వచ్చింది ఆటకు కాదు, గడ్డి కోసే మిషను తోలడానికి. మూడేళ్ళ కిందట ఎవరో పారేసిన విరిగిన కర్రతో, ఎవరో పోగొట్టుకున్న బంతిని సరదాగా ఒక్కటి కొట్టింది. ఆ బంతి ఎక్కడ పడిందో చూసి ధనంజయ చేతిలోని టీ గ్లాసు కింద పెట్టేశాడు. ఇప్పుడు ఆ మెట్టలో ఆమెను ఓడించే మొగాడు లేడు. ఈ మాట పదకొండుమందీ ఒప్పుకుంటారు, కాకపోతే ఒకరి ఎదుట ఒకరు ఒప్పుకోరు.

రాష్ట్ర పోటీల్లో ఆడాలంటే హ్యాండిక్యాప్ కార్డు ఉండాలి. ఆట ఏ స్థాయిలో ఉందో చెప్పే కార్డు అది. రాష్ట్ర సంఘం దాన్ని ఊరికే ఇవ్వదు. జూలై నుంచి ఫిబ్రవరి దాకా నెలకొక పోటీ జరగాలి, ప్రతి పోటీలో కనీసం పన్నెండుమంది ఆడి ముగించాలి. ఉన్నదే పన్నెండుమంది. కిందటేడు ఆఖరి పోటీ రోజు మంచి ముహూర్తం పడింది. ముగ్గురు పెళ్ళి భోజనాలకు పోయారు, తొమ్మిదిమందే మిగిలారు, సీజనంతా చెల్లకుండా పోయింది. మునిలక్ష్మి ఒక్క మాట అనలేదు. మరునాడు పొద్దున్నే వచ్చి మిషను తోలుకుంటూ గడ్డి కోసింది. ఆమె తిట్టి ఉంటే యోగానందకు ఆ ఏడాదంతా అన్నం సయించేదే.

అందుకే ఆ శనివారం ఏడున్నరకు ధనంజయ ఫోను చేసి, "అప్పా, పాలు పిండేకాడ జారి పడినాను. మణికట్టు బెణికింది. పుత్తూరులో కట్టు కట్టించుకుంటా ఉండాను. రేపు నన్ను లెక్కలో పెట్టుకోవద్దు," అన్నప్పుడు యోగానంద కుర్చీలో కూలబడిపోయాడు. కాఫీ తెచ్చిన భార్య జయంతి సంగతేమిటని అడిగింది. ఆయన చెప్పాడు. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. బెంగలో ఉన్న మనిషి గనుక, ఇదంతా మొక్కు తీర్చకపోవడం వల్లేనేమో అని కూడా అనేశాడు.

ఏం మొక్కని జయంతి నిలదీసింది. నవంబరు తుపానుకు మెట్టంతా చెరువైపోయి పోటీ ఆగిపోయేలా ఉన్నప్పుడు, ఆయన వరండాలో నిలబడి కొండ వైపు తిరిగి దండం పెట్టుకున్నాడట. వాన ఆగి పోటీ జరిగితే సంఘమంతా తలనీలాలు ఇచ్చుకుంటామని మొక్కాడట. వాన తెల్లారేసరికి ఆగింది. పోటీ జరిగింది. ఆ సంతోషంలో ఆయన మొక్కు సంగతి ఎవరికీ చెప్పడం మరిచిపోయాడు.

"మీ గుండు మీరు మొక్కుకోవచ్చు," అంది జయంతి. "కడమ వాళ్ళ గుండ్లు మీరెట్ల మొక్కినారు?"

"కార్యదర్శిని గదా. సంఘం తరఫున మొక్కినాను."

"తీర్మానం చేసినారా?"

చేయలేదు. చేసి ఉంటే మినిట్సు పుస్తకంలో ఉండేది. జయంతి నవంబరు నుంచి జరిగినవన్నీ వరస పెట్టి గుర్తు చేసింది. డిసెంబరులో గడ్డి మిషను బెల్టు తెగింది. జనవరిలో ఎవరిదో ఎద్దు వచ్చి ఆరో గుంత జెండా నమిలేసింది. ఇప్పుడు ధనంజయ చెయ్యి. దేవుడు మూడుసార్లు గుర్తు చేశాడని, నాలుగోసారి ఇంత మర్యాదగా చేయడని చెప్పి ఫోను చేతిలోకి తీసుకుంది. సంఘం సభ్యుల భార్యలకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. సంఘం కంటే అది చాలా చురుగ్గా పనిచేస్తుంది. అరగంటలో పది ఇళ్ళలో పదిమంది ఆడవాళ్ళు తమ భర్తల తలల వైపు అదోరకంగా చూడడం మొదలుపెట్టారు.

పళ్ళ డాక్టరు ధర్మేంద్ర ఒక్కడే గట్టిగా ఎదురు తిరిగాడు. ఆయనకు నలభై అయిదేళ్ళు, నల్లటి ఒత్తయిన జుట్టు, ఆసుపత్రి బోర్డు మీద ఆ జుట్టుతోనే పెద్ద ఫొటో. సర్వసభ్య సమావేశం పెట్టకుండా సభ్యుల జుట్టు మీద నిర్ణయం తీసుకునే అధికారం కార్యదర్శికి లేదని సంఘం నియమావళి తీసి చూపించాడు. నియమావళిలో ఆ మాట నిజమే. కానీ చిత్తూరు నుంచి ఆయన అత్తగారు ఫోను చేసి, డాక్టరుగారికి దేవుడికన్నా జుట్టు ఎక్కువైందా అని మాత్రం అడిగి పెట్టేసింది. ఆ పూటే అలిపిరి బస్సు దగ్గరికి అందరికంటే ముందు వచ్చి నిలబడింది ఆయనే.

నడిచే ఎక్కాలని భార్యల గ్రూపు తీర్మానించింది. అక్కడ మునిలక్ష్మి అడ్డుపడింది. "మొక్కింది తలకాయలకు గదమ్మా, కాళ్ళకు కాదే. కాళ్ళు రేపటికి కావల్ల," అంది. అందరూ బస్సులోనే కొండెక్కారు. ధనంజయ కూడా పుత్తూరు నుంచి నేరుగా, కట్టిన చెయ్యి మెడలోని గుడ్డకు వేలాడేసుకుని వచ్చాడు. పదకొండుమంది వరసగా కూర్చున్నారు. జుట్టు పోయింది, దాంతోపాటు మీసాలూ పోయాయి. మునిలక్ష్మి ఆడవాళ్ళ అలవాటు ప్రకారం మూడు కత్తెరలు ఇచ్చి ఊరుకుంది. దర్శనం చల్లగా జరిగింది. బయటికి వచ్చాక ధనంజయ, మొక్కులో తన చేతికి కూడా భాగం ఉంది కాబట్టి రేపు ఒంటి చేత్తోనైనా ఆడతానన్నాడు. యోగానందకు అప్పుడు నిజంగానే ప్రాణం లేచి వచ్చింది.

ఆదివారం ఏడింటికి రాష్ట్ర సంఘం నుంచి పరిశీలకురాలు రెబెకా కారు దిగింది. విజయవాడ మనిషి, యాభై ఏళ్ళుంటాయి, చేతిలో ఒక ఫైలు. వేరే జిల్లాలో ఒక సంఘం వాళ్ళు పెళ్ళి బ్యాండు మేళంవాళ్ళకు టీషర్టులు తొడిగి పన్నెండుమందని చూపించారట. అప్పటినుంచి ఫొటో చూసి గానీ ఎవరినీ ఆడనివ్వడం లేదట. ఆమె ఫైలు తెరిచింది. అందులో పదకొండుమంది మీసాల మగవాళ్ళు, తల నిండా జుట్టుతో ఉన్నారు. తల ఎత్తి చూసింది. ఎదురుగా ఒకే రంగు టీషర్టుల్లో, గంధం పూసిన పదకొండు నున్నటి గుండ్లు ఎండకు మెరుస్తున్నాయి.

"వీళ్ళలో యోగానందగారు ఎవరు?" అంది రెబెకా.

యోగానంద ముందుకొచ్చాడు. ఆమె ఫొటో చూసింది, ఆయన్ని చూసింది, మళ్ళీ ఫొటో చూసింది. కాగితం మీద ఏదో రాసుకుంది. రైల్వే మనిషికి ఎదుటివాళ్ళు కాగితం మీద ఏదైనా రాసుకుంటే కంగారు.

ఆయన అందరి ఆధార్ కార్డులు తెప్పించాడు. ఆ ఫొటోల్లో జుట్టు ఉన్నప్పుడే ఎవరు ఎవరో తెలిసేది కాదు. ధర్మేంద్రకు ఒక తెలివైన ఆలోచన వచ్చింది. తన ఫోను తన మొహం చూస్తే తప్ప తెరుచుకోదు కాబట్టి అదే సాక్ష్యమన్నాడు. ఫోను మొహానికి ఎదురుగా పెట్టుకున్నాడు. తెరుచుకోలేదు. గంధం తుడుచుకుని పెట్టుకున్నాడు. నవ్వి చూశాడు, కోపంగా చూశాడు. చివరికి అంకెలు నొక్కి తెరుస్తానన్నాడు. అక్కర్లేదని చెప్పి రెబెకా ఇంకో ముక్క రాసుకుంది.

సరిగ్గా అప్పుడే జయంతి అందరికీ పులిహోర గంపతో దిగింది. భార్య కంటే సాక్ష్యం ఏముంటుందని యోగానంద మనసు కుదుటపడింది. ఆయన ఇటు రెబెకాకు ఆ మాట చెబుతూ ఉండగానే, అటు జయంతి వెనకనుంచి వచ్చి ధర్మేంద్ర వీపు తట్టి, "బీపీ మాత్ర ఏసుకున్నారా లేదా?" అని అడిగింది. ధర్మేంద్ర వెనక్కి తిరిగాడు. జయంతి నాలుక కరుచుకుంది. రెబెకా కాగితం తిప్పి రెండో పక్క రాయడం మొదలుపెట్టింది.

చివరికి ఆమె, ముందు ఆడండి, మీ సంగతి ఆఖర్న తేలుస్తానంది. తొమ్మిది గుంతలూ రెండుసార్లు తిరగాలి. గోల్ఫులో ఒకరి స్కోరు ఇంకొకరు రాస్తారు. రెండో గుంత దాటేసరికి ఎవరి స్కోరు ఎవరు రాస్తున్నారో ఎవరికీ తెలియలేదు. అయిదో గుంత దగ్గర ఇద్దరు ఒకరి బంతి ఒకరు కొట్టుకుని, ఎనిమిదో గుంత దాకా మర్యాదగా అలాగే ఆడారు. యోగానంద పేరు మీద ఆయన జీవితంలో ఎన్నడూ కొట్టని స్కోరు పడింది. చూసుకుని ఒక్క నిమిషం మురిసిపోయి, అది ధర్మేంద్రదని తెలిసి నిట్టూర్చాడు.

ఈ గోలలో మునిలక్ష్మి ఒక్కతే తన పని తాను చేసుకుపోయింది. తాను కోసిన గడ్డి, తాను చదును చేసిన నేల. ప్రతి గుంత దగ్గరా ఒక్క క్షణం ఆగి, చూసి, కొట్టి, ముందుకు నడిచింది. పద్దెనిమిదీ ముగిసేసరికి ఆమె కార్డు మీద డెబ్బై ఆరు దెబ్బలే ఉన్నాయి, ఈ ఆటలో ఎంత తక్కువైతే అంత గొప్ప.

ఇక మిగిలింది ధనంజయ. ఒంటి చేత్తో కొడుతుంటే బంతి ఆయన చెప్పిన వైపు కాక తనకు తోచిన వైపు పోతోంది. ఎండ ముదిరింది. పుత్తూరు కట్టు కింద చెయ్యి వాచింది. ఆఖరి గుంతకు రెండు బారల దూరంలో ఆయన కర్ర కింద పడేసి కూర్చున్నాడు. ఆయన లేవకపోతే లెక్క పదకొండే. ముగించినవాళ్ళంతా చుట్టూ చేరి చూస్తున్నారు గానీ, వాచిన చేతిని చూస్తూ ఆడమని అడగడానికి ఎవరికీ నోరు రాలేదు. మునిలక్ష్మి వెళ్ళి పక్కన కూర్చుంది.

"నొప్పిగా ఉంటే ఇడ్సిపెట్టన్నా," అంది. "మళ్ళా ఏడు సూసుకుందాం. నీ సెయ్యి కన్నా కార్డు ఎక్కువ కాదు."

ధనంజయ ఆమె మొహంలోకి చూశాడు. కిందటేడు పెళ్ళి భోజనానికి పోయిన ముగ్గురిలో ఆయన ఒకడు. లేచాడు. ఎనిమిదిసార్లు కొట్టాడు. ఎనిమిదోదానికి బంతి గుంతలో పడింది. పదిమంది గుండ్లవాళ్ళు ఆయన్ని ఎత్తుకోబోయి, చెయ్యి గుర్తొచ్చి ఆగిపోయారు.

రెబెకా కుర్చీ వేయించుకుని పన్నెండు స్కోరు కార్డులూ ముందు పరుచుకుంది. చివరికి కళ్ళద్దాలు తీసి, అసలు ఇంతమంది ఒక్కసారే గుండు ఎందుకు చేయించుకున్నారని అడిగింది. పొద్దుటినుంచి ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, అడగలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు. యోగానంద నిలబడి, విచారణలో జవాబు చెప్పినట్టు నవంబరు తుపాను నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాడు. తీర్మానం చేయకపోవడం తన తప్పేనని కూడా ఒప్పుకున్నాడు.

రెబెకా విని, కాగితాలు సర్దుకుంది.

"వీళ్ళలో ఎవరు ఎవరో నేను చెప్పలేను. ఈ పదకొండు కార్డులూ చెల్లవు. మీ పదకొండుమందికీ ఈ ఏడు హ్యాండిక్యాప్ లేదు," అంది. "కానీ అద్దెకు తెచ్చిన మనుషులు టీషర్టు వేసుకుంటారు గానీ గుండు చేయించుకోరు. మీరు సంఘం మనుషులే. పన్నెండుమంది ఆడారు, పన్నెండుమంది ముగించారు. తలలు నేనే లెక్కపెట్టాను, ఇంత సులువుగా ఎప్పుడూ లెక్కపెట్టలేదు. పోటీ చెల్లుతుంది. ఫొటోకూ మనిషికీ కుదిరింది మాత్రం ఒక్కరికే." అని మునిలక్ష్మి పేరు మీద సంతకం పెట్టింది.

మునిలక్ష్మి ఆ కాగితాన్ని తీసుకోవడానికి ముందు చేతులు చీర కొంగుకు తుడుచుకుంది. తీసుకున్నాక యోగానంద వైపు తిరిగి, "సార్, మీరంతా నా కోసరమేనా గుండు కొట్టిచ్చుకునింది?" అని అడిగింది.

"దేవునితో సంఘం కోసరమనే చెప్పినాను," అన్నాడు యోగానంద. "మనసులో మాత్రం నువ్వే ఉండావు తల్లీ. పోయినేడు నువ్వు ఏమీ అనకుండా గడ్డి కోస్తా ఉంటే, ఆడ నిలబడి సూడలేకపోయినాను. ఈ నేలని ఇంత దూరం తెచ్చింది నువ్వు. మేము ఊరికే ఆడుకున్నాము."

మునిలక్ష్మి కళ్ళు తుడుచుకుంది. మగవాళ్ళు కూడా తుడుచుకున్నారు, చెమట అని చెప్పి. తమ కార్డులు చెల్లకపోయాయన్న సంగతి ఆ రోజు ఎవరికీ గుర్తు రాలేదు. ధర్మేంద్ర మాత్రం ఒకసారి తల తడుముకుని, విశాఖపట్నంలో రాష్ట్ర పోటీకి తానూ వస్తానని, ఆమె కర్రల సంచి తానే మోస్తానని చెప్పాడు. దానికి సభ్యులంతా అక్కడికక్కడే తీర్మానం చేసి మినిట్సు పుస్తకంలో రాసుకున్నారు. జయంతి పులిహోర పంచింది, ఈసారి ఒక్కొక్కరినీ పేరు అడిగి మరీ.

కారెక్కబోతూ రెబెకా, ఇలాంటి గందరగోళం మళ్ళీ రాకుండా సభ్యులందరి కొత్త ఫొటోలు వారంలోగా రాష్ట్ర సంఘానికి పంపమంది. యోగానంద వారం ఆగే మనిషి కాదు. మరునాడే పదకొండుమందినీ స్టూడియోకు తీసుకెళ్ళి, టోపీలు తీయించి, వరసగా ఫొటోలు తీయించి, వెనక పేర్లు రాసి రిజిస్టరు పోస్టులో పంపాడు. అవి అందాయని, రికార్డుల్లో పాతవి తీసేసి వీటిని అతికించామని జవాబు కూడా వచ్చింది. కొత్త సీజను జూలైలో మొదలవుతుంది, అప్పటికి అందరికీ జుట్టు పెరిగి ఉంటుంది.