ఒక్క బంతీ జారవిడవని ఓటో క్రెంజ్

మనుషులు కనిపెట్టిన వ్యవస్థలన్నింటిలోకీ లోపం లేనిది మా రెండు నదుల బేస్‌బాల్ లీగ్ ఒక్కటే. మిగతా లీగులు నడవాలంటే ఆటగాళ్లు కావాలి. 1903 వేసవిలో మాది ఆ బలహీనతను కూడా జయించింది.

అప్పటికి మా కెల్బీ జంక్షన్ జట్టు పుట్టి రెండేళ్లు. ఆరు ఊళ్ల లీగులో మాది అయిదో స్థానం (ఆరో ఊరి మైదానం ఏటా వరదలో మునిగేది). ఊరి పత్రికకు ఆటల వార్తలు రాసేవాణ్ణి నేనే కాబట్టి జరిగిందంతా దగ్గరుండి చూశాను.

జూలై రెండో వారంలో గోధుమ నూర్చే యంత్రం మా జిల్లాకు వచ్చింది. నూర్పిడి కూలీలకు మూడు పూటలా మాంసం, ఆపైన ఆపిల్ పై అనే తీపి వంటకం. మా జట్టులో బంతిని నది అవతలికి కొట్టినా పెట్టేది ఉడికిన బంగాళాదుంపలే. సోమవారం ఇద్దరు, మంగళవారం నలుగురు, గురువారం మరో ఇద్దరు యంత్రం వెంట వెళ్లిపోయారు. ఓటో క్రెంజ్ ఒక్కడూ మిగిలాడు.

ఓటో మా క్యాచర్. అంటే బ్యాటు పట్టినవాడి వెనక గొంతుక్కూర్చుని, వచ్చిన బంతినల్లా పట్టేవాడు. వయసు ముప్ఫై మూడు. పది వేళ్లలో ఏడు ఎప్పుడో ఒకప్పుడు విరిగినవే. పెద్ద లీగులో ఒక్క ఏడాదైనా ఆడి మానేయాలని అతని కోరిక. అందుకు ఇంకెంతో కాలం లేదని అతనికీ తెలుసు, అతని మోకాళ్లకూ తెలుసు.

జట్టు ముగిసిపోయిందని చెప్పడానికి అతను లీగ్ కార్యదర్శి ఎల్బర్ట్ ఫిచ్ గారి దగ్గరికి వెళ్లాడు. లీగ్ నియమాలు నూటపన్నెండూ రాసింది ఫిచ్ గారే (మొదట నూటపది, తక్కిన రెండూ మొదటివాటిని ఎలా చదవాలో చెబుతాయి). ఆయన ఓపిగ్గా నలభై ఒకటో నియమం చదివి వినిపించారు. జట్టును రద్దు చేయాలంటే జట్టు సమావేశం తీర్మానించాలి. సమావేశానికి తొమ్మిదిమంది ఉండాలి. అంతవరకూ జట్టు సజీవంగా ఉన్నట్టే. అన్ని ఆటలకూ హాజరు కావాలి. హాజరు కాని ఆటగాడు ఏ లీగులోనూ జన్మలో బ్యాటు ముట్టకూడదు.

“మరి వెళ్లిపోయిన ఆ ఎనిమిదిమందో?” అని ఓటో అడిగాడు.

“వాళ్లు వెళ్లిపోయారు కదా, వాళ్లకెలా వర్తిస్తుంది?” అన్నారు ఫిచ్ గారు. “నియమాలు ఉన్నవాళ్లకే నాయనా.”

ఓటో భార్య మినా తన అన్నగారి వెన్న కార్ఖానాలో పని సిద్ధంగా ఉందని చెప్పింది. “అక్కడ పాల క్యాన్లయినా పట్టుకుంటావు. ఇక్కడ నువ్వు పట్టుకునేది రైలొక్కటే,” అంది. ఓటో సంచీ సర్దుకున్నాడు.

అలా మొదలైంది. ఓటో రైలు దిగుతాడు. మొహానికి ఇనపతీగల కంచె, ఛాతీకి దిండు, చేతికి తొడుగు వేసుకుని తన చోట కూర్చుంటాడు. అంపైర్ టోబియాస్ రడ్ జేబులోంచి గడియారం తీసి, రాని ఎనిమిదిమంది కోసం నియమం ప్రకారం పావుగంట ఎదురుచూస్తాడు. ఆ తర్వాత మా జట్టు తొమ్మిది–సున్నాతో ఓడిందని ప్రకటిస్తాడు (ఆడకుండా ఓడితే లెక్క అదే). ఎదుటి జట్టు టోపీలు తీసి మూడుసార్లు జేజేలు కొడుతుంది (యాభై ఎనిమిదో నియమం). డన్‌మోర్ ఊరి చర్చి మహిళా సంఘంవారు, ఇంత క్రమశిక్షణగల జట్టును తాము చూడలేదని లీగుకు ఉత్తరం రాశారు.

ఆగస్టులో ఒకనాడు ఎదుటి జట్టులో ఒకడికి గవదబిళ్లలు వచ్చి వాళ్లు ఎనిమిదిమందే మిగిలారు. రడ్ ఎండలో నిలబడి నియమాల పుస్తకం రెండుసార్లు చదివాడు. తొమ్మిదిమంది లేని జట్టు ఓడినట్టు, దాని ఎదుటి జట్టు గెలిచినట్టు అని అందులో ఉంది. కనక రెండు జట్లూ గెలిచాయనీ, రెండూ ఓడాయనీ ప్రకటించాడు. ‘ఓటో పోరాటానికి ఫలితం’ అని నేను శీర్షిక పెట్టాను.

ఆ సాయంత్రం స్టేషన్లో ఓటో, రడ్, నేను ఒకే బల్ల మీద కూర్చున్నాం. లీగు ఆటగాడు లీగు బంతి తప్ప వేరే బంతి తాకకూడదు. లీగు బంతులు సీలు వేసిన పొట్లంలో, రడ్ సంచీలో ఉన్నాయి.

“టోబియాస్, ఒక్కటి విసురు,” అన్నాడు ఓటో. “చేతిలో బంతి పడి ఆరు వారాలైంది.”

రడ్ సంచీ వైపు చూశాడు. “విసరాలనే ఉందయ్యా. ఆట మొదలవకుండా పొట్లం విప్పితే నన్ను తీసేస్తారు. నాకు నలుగురు ఆడపిల్లలు.”

ఓటో సరేనని తలూపాడు. కాసేపటికి మొహానికి మళ్లీ కంచె పెట్టుకున్నాడు. రైలు వచ్చేదాకా తీయలేదు. మేమిద్దరం పట్టాల వైపు చూస్తూ కూర్చున్నాం.

సెప్టెంబరులో ఫిచ్ గారు లెక్కలు అచ్చు వేయించారు. ఓటో క్రెంజ్: నూర్పిళ్లు మొదలైనప్పటి నుంచి ముప్ఫై ఒక్క ఆటలు, జారవిడిచిన బంతులు, సున్నా. దేశంలో ఏ క్యాచర్‌కూ అలాంటి లెక్క లేదు. చలికాలంలో ఇల్లినాయ్‌లోని ఒక పెద్ద లీగు జట్టు మేనేజరు అది చదివి ఓటోకు ఒప్పందం పంపాడు.

మినా దాన్ని మూడుసార్లు చదివింది. నిజం చెప్పెయ్యమంది. ఓటో చెప్పాడు కూడా. తన దగ్గరికి అసలు బంతే రాలేదని స్వయంగా ఉత్తరం రాశాడు. ఇంత గొప్పవాడిలో ఇంత వినయం అరుదని మేనేజరు జవాబిచ్చాడు.

మే నెల మొదటి ఆటకు మా పత్రిక నన్నే పంపింది. జనం క్రిక్కిరిసి ఉన్నారు. ఓటో తన చోట కూర్చుని తొడుగు చాచాడు. మొదటి బంతి నేరుగా వచ్చి అందులో పడింది, పడి జారి, అతని కాళ్ల మధ్యనుంచి వెనక్కి దొర్లిపోయింది. అతను లేచి దాని వెంట పరుగెత్తిన తీరు చూస్తే, చాలాకాలంగా కనపడని మనిషి కోసం పరుగెడుతున్నట్టుంది.

నా వృత్తి నాది. నిరుటి ఓటోను చూసినవాళ్లెవరూ ఈ ఓటోను చూసి తట్టుకోలేరని ఆ రాత్రే తంతి కొట్టాను.