పెన్సిలుతో రాసిన అర్థం

"ఒక్క రైపేరియన్ కుటుంబం కూడా ఇంటి పట్టా లేకుండా ఉండటానికి వీల్లేదు! ఈ నెలాఖరులోగా ఇచ్చి తీరతాం!" అని మంత్రిగారు మైకు అదిరేలా ప్రకటించారు.

సభ చప్పట్లతో హోరెత్తింది. ముందు వరుసలోని అధికారులు అందరికంటే గట్టిగా కొట్టారు. రైపేరియన్ అనే మాటకి అర్థం వాళ్లలో ఎవరికీ తెలియదు. తెలియని విషయాన్ని కూడా అంత మనస్ఫూర్తిగా బలపరిచే యంత్రాంగం దొరకడం ఏ మంత్రికైనా అదృష్టమే.

ఉపన్యాసం రాసిచ్చిన సలహాదారుని అడుగుదామంటే, ఆయన మర్నాడు పొద్దున్నే ఎదుటి పార్టీలో చేరిపోయాడు. మంత్రిగారినే అడుగుదామంటే, అలా అడిగినవాడు ఇదివరకు ఒకడుండేవాడు. ఇప్పుడు లేడు. అంటే క్షేమంగానే ఉన్నాడు, గోదాముల శాఖలో.

అలా ఆ హామీ తాలూకు ఫైలు టైపు కోసం టైపిస్టు బల్ల మీదికి వచ్చింది. టైపిస్టు నెమ్మదైన పిల్ల. ఫ్యాను గాలికి కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టిన లావుపాటి నిఘంటువు తీసి, దుమ్ము దులిపి, మాట వెతికింది. "ఏటి ఒడ్డుకు సంబంధించిన, ఒడ్డున నివసించే" అని ఉంది.

ఆ వరుస కింద వేలు పెట్టి మళ్లీ చదివింది. ఆమె ఇల్లు ఏటి ఒడ్డునే. నాన్న పడవ నడుపుతాడు. ఒడ్డునున్న నలభై ఇళ్ల గోడల మీదా పురపాలక సంఘం వాళ్లు ఎర్ర రంగుతో ఇంటూ గుర్తు వేసి వారమైంది. నెలాఖరుకి పట్టా చూపించినవాళ్లు ఉంటారు, చూపించలేనివాళ్లు ఖాళీ చేస్తారు.

ఆ ఆఫీసులో ఒక గొప్ప ఆచారం ఉంది. కిందివాళ్లు ఫైలు మీద పెన్సిలుతోనే రాయాలి. పైవాళ్లకి నచ్చితే దాని మీద సిరాతో దిద్దుతారు, నచ్చకపోతే చెరిపేస్తారు. ఆ చెరిపే బాధ్యత సూపరింటెండెంటుది. ముప్పై ఏళ్ల సర్వీసులో ఆయన నిలబెట్టిన వాక్యం ఒక్కటి కూడా లేదు. అందరూ ఆయన్ని ప్రేమగా రబ్బరుగారు అంటారు.

టైపిస్టు ఫైలు అంచున పెన్సిలుతో సన్నగా రాసింది: "ఏటి ఒడ్డున ఉండేవారు."

రబ్బరుగారు చదివి, చెరిపి, పొట్టు ఊదేశారు.

"తప్పా అండీ?"

"తప్పొప్పుల సంగతి కాదమ్మాయ్. మనం అర్థం రాశామంటే, పైవాళ్లకి తెలియదని మనకి తెలిసిపోయినట్టు. వాళ్లు ఊరుకుంటారా?"

మర్నాడు ఆమె మళ్లీ రాసింది. ఆయన మళ్లీ చెరిపారు. అయిదోరోజుకి కాగితానికి చిల్లు పడింది. "అంచున చిల్లు కలదు, గమనించగలరు" అని రబ్బరుగారు నోటు పెట్టారు. కార్యదర్శిగారు "గమనించాను" అని సంతకం చేశారు. ఆ ఫైల్లో పైనుంచి కిందిదాకా అందరూ ఏకీభవించింది ఆ చిల్లుతోనే.

తర్వాత కమిటీ పడింది. దానికి అప్పగించిన పని ఒక్కటే: ఆ మాటను, దానిలాగే కనిపించే ఇతర మాటల నుంచి వేరుచేయడం.

"లైబ్రేరియన్ కాదు గదా?" అన్నాడు ఒక సభ్యుడు.

"కాదని తేల్చాలంటే ఆయన్నే పిలిచి అడగాలి" అన్నారు అధ్యక్షులైన కార్యదర్శిగారు.

లైబ్రేరియన్ వచ్చాడు. "మీరు రైపేరియనా?" అని అడిగారు.

"పట్టా ఇస్తారా అండీ?"

"ఇస్తాం."

"అయితే అవునండీ."

దాంతో కమిటీ మూడు సమావేశాలు వెనక్కి వెళ్లింది. తర్వాత రెప్టీలియన్ వంతు. అది పాములకీ బల్లులకీ సంబంధించిందని తెలిసి, పాములు పట్టేవాణ్ణి నిపుణుడిగా పిలిపించారు. అతను బుట్ట మూత తీశాడు. "సభ్యులు కుర్చీలపై నిలబడి ఏకగ్రీవంగా తోసిపుచ్చారు" అని టైపిస్టు టైపు చేసింది. వెజిటేరియన్ సంగతి భోజనాల దగ్గర తేలిపోయింది.

నెలాఖరుకి ఇంకా నాలుగు రోజులున్నాయి. ఇంట్లో నాన్న రోజూ అడుగుతూనే ఉన్నాడు. "మన కాగితం కదిలిందా తల్లీ?"

"కదుల్తోంది నాన్నా."

"ఎటు?"

ఆ ప్రశ్నతో ఆమెకి రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే టైపు కాగితాలు తీసుకుని కార్యదర్శిగారి గదిలోకి వెళ్లి, ఉన్న మాట చెప్పేసింది. "అయ్యా, ఆ మాటకి ఏటి ఒడ్డున ఉండేవాళ్లని అర్థమండీ."

కార్యదర్శిగారు కళ్లజోడు తీశారు. "ఎక్కడ చదివావమ్మా?"

"మా ఊరి బళ్లోనండి."

"అదీ సంగతి. బళ్లో మాటలకి అర్థాలుంటాయి. ఆఫీసులో పరిధులుంటాయి. అర్థం మా పరిధిలో లేదు. వెళ్లు."

నెలాఖరు రోజున మంత్రిగారు నివేదిక ఆవిష్కరించారు. మూడువందల పన్నెండు పేజీలు. రైపేరియన్ అంటే లైబ్రేరియన్ కాదు, రెప్టీలియన్ కాదు, రిపబ్లికన్ కాదు, వెజిటేరియన్ అంతకన్నా కాదు అని కమిటీ జంకూ గొంకూ లేకుండా తేల్చింది. "అర్హుల నుంచి ఒక్క దరఖాస్తూ పెండింగులో లేదు" అని మంత్రిగారు సగర్వంగా చెప్పారు. నిజమే. అర్హులెవరో తెలిస్తేగా దరఖాస్తు తీసుకునేది.

మర్నాడు ఒడ్డుకి యంత్రాలు వచ్చాయి. మధ్యాహ్నానికి ఎర్ర గుర్తులు గోడలతో సహా పోయాయి. నాన్న పడవని తాళ్లతో కట్టి, అద్దె గది ముందున్న ఇరుకు సందులో బోర్లించాడు.

నాలుగు నెలల తర్వాత కార్యదర్శిగారు ఆహ్వానపత్రం చెబుతుంటే ఆమె టైపు చేస్తోంది. "మంత్రిగారి అమృతహస్తాలతో... రైపేరియన్ విహారపథం... ప్రారంభోత్సవం."

ఆమె వేళ్లు ఆగిపోయాయి.

"ఏమ్మా ఆగావ్? రైపేరియన్. ఏటి ఒడ్డుది అని. ఆమాత్రం తెలీదా?"

"ఈ కాలం పిల్లలకి చదువెక్కడండీ" అన్నారు రబ్బరుగారు, జాలిగా.

ఆదివారం నాన్న చూస్తానంటే తీసుకెళ్లింది. నున్నటి రాళ్లు, గడ్డి, బెంచీలు. తమ వంటగది ఉన్నచోట పెద్ద కమాను, దాని మీద బంగారు రంగు అక్షరాలు.

"ఏం రాశారే?"

"రైపేరియన్ అని."

"అంటే?"

"మనమే నాన్నా."

నాన్న ఆ అక్షరాలకేసి ఒకసారి చూశాడు. పైపంచె దులుపుకుని, "అయితే పద" అంటూ లోపలికి అడుగు వేశాడు.

కాపలావాడు కర్ర అడ్డం పెట్టాడు. "పాసుందా?"