తువ్వాలు కింద ఓటీపీ

రావులపాలెంలో అరటిగెలల వ్యాపారం చేసే గంగరాజు నోట ధర పలికించడం దేవుడి వల్ల కూడా కాదు. బేరమంటే ఎదుటివాడి చేతి మీద తువ్వాలు కప్పాల్సిందే, దాని కింద వేళ్ళు నొక్కి చెప్పాల్సిందే. పక్కనే నిలబడ్డ సొంత తమ్ముడిక్కూడా లెక్క తెలియదు.

అలాంటి మనిషి రాజమండ్రి బట్టల కొట్టులో లక్కీ డ్రా కూపన్ కనబడేసరికి వెన్నలా కరిగిపోయాడు. పేరు, ఫోను, పుట్టినరోజు, పెళ్ళిరోజు, ఏ బ్యాంకు, మోకాళ్ళ నొప్పులున్నాయా... అన్నీ రాసేశాడు. బహుమతి అలాంటిది మరి! పాపికొండల దగ్గర పడవ ఇంట్లో వెన్నెల రాత్రి, ఇద్దరికి. పెట్టుబడి సున్నా, లాభం గోదావరంత.

ఆ రోజు నుంచి ఫోన్లే ఫోన్లు. ఇళ్ళస్థలాలు, అప్పులు, మోకాళ్ళ నూనెలు. గంగరాజుకి అవేం పట్టలేదు. గెలల మధ్య కూర్చుంటే చాలు, కళ్ళు వాలిపోయేవి. కొండల నడుమ నీళ్ళు పాలలా కదిలేవి. పడవ అంచున భార్య సత్యశ్రీ, జడలో మల్లెలు, ఒళ్ళో పులస పులుసు గిన్నె. పెళ్ళైన కొత్తలో చూపిస్తానన్న వెన్నెల అది. ఏటా ఏదో ఒక సీజను అడ్డొచ్చింది. ఈసారి చెప్పకుండా తీసుకెళ్ళి ఆవిడ ఆశ్చర్యంతో నోరు తెరిచేలా చెయ్యాలి.

ఒక సాయంత్రం ఫోన్లో తేనె పూసిన గొంతు వినబడింది.

"గంగరాజుగారండీ? పడవ మీకే వచ్చిందండి! గది ఖాయం చెయ్యడానికి కార్డు నంబరు చెప్పండి చాలు."

చెప్పాడు. కార్డు వెనకున్న అంకెలూ చెప్పాడు. రైతులకివ్వాల్సిన సొమ్మంతా ఆ ఖాతాలోనే ఉందన్న సంగతి అప్పటికే వెన్నెట్లో కొట్టుకుపోయింది.

"ఇప్పుడో ఓటీపీ వస్తుందండి."

వచ్చింది, వంటింట్లో సత్యశ్రీ ఫోనుకి. గంగరాజు పరిగెత్తాడు.

"సత్యా, నీ ఫోనుకేదో నంబరొచ్చింది, చెప్పు!"

"నాకొచ్చింది మీకెందుకండీ?"

"అసలు బ్యాంకులో నీ నంబరెందుకుందే?"

"మీ నంబరు జిల్లా అంతటికీ పంచేశారుగా. బ్యాంకుకైనా ఎంగిలి కానిది ఉండాలని నాది పెట్టించాను. ఇంతకీ ఎవరికి కావాలి?"

"అదీ... ఇప్పుడు చెప్పకూడదు."

సత్యశ్రీ మెసేజ్ చదివింది. మొగుడి మొహమూ చదివింది.

"ఎవరికీ పైకి చెప్పొద్దని రాశారండి. ఆ తువ్వాలు ఇలా తెండి."

గంగరాజు గుండె పొంగింది. ఇన్నాళ్ళకి ఆవిడకి వ్యాపారం అబ్బింది! తువ్వాలు కింద ఆవిడ వేళ్ళు నొక్కుతుంటే ఒక్కో అంకె ఫోన్లో అప్పజెప్పాడు.

"తప్పండి," అంది తేనె గొంతు.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ తప్పే. ఇంకోసారికి తేనె ఇంకిపోయింది.

"ఏంటయ్యా, మీ ఆవిడకి అంకెలు కూడా రావా?"

గంగరాజు ఉలిక్కిపడ్డాడు. బేరం మధ్యలో 'అండి' ఎగిరిపోయిందంటే సరుకులో తేడా ఉన్నట్టే.

సత్యశ్రీ ఫోను అందుకుంది. "అంకెలొచ్చు బాబూ. ఇందాకట్నుంచీ మా పుట్టింటి పిన్‌కోడు నొక్కుతున్నాను. ఇంకోసారి చెప్పమంటారా?"

అటువైపు ఫోను టక్కున పెట్టేశారు. ఆవిడ వెంటనే బ్యాంకుకి ఫోన్ చేసి కార్డు ఆపించింది. డబ్బు కదల్లేదని తేలాక మొగుడి వైపు తిరిగింది.

"నీకు వెన్నెల చూపిద్దామని..." అన్నాడు గంగరాజు, తువ్వాలు నలుపుకుంటూ.

"వెన్నెలకి కార్డు నంబరెందుకండీ? చొక్కా వేసుకోండి, గట్టుకెళ్దాం."

వాళ్ళు వెళ్ళేసరికి చందమామ గోదావరి మీదకి అప్పుడే వస్తున్నాడు. గట్టున కొత్తగా పెట్టిన కాఫీ కొట్టాయన పలకరించాడు.

"ఫోన్ నంబరు చెప్పండి సార్, ఆఫర్లు పంపిస్తాం."

"చెప్పను."

"పోనీ పేరు?"

"అదీ చెప్పను!" గంగరాజు గెలిచినట్టు సత్యశ్రీ వైపు చూశాడు.

"నా పేరు సత్యశ్రీ అండి. ఫోన్ నంబరు అక్కర్లేదు," అని ఆవిడ డబ్బులిచ్చింది.

కాసేపటికి పిలుపొచ్చింది. "సత్యశ్రీగారూ, ఒక కాఫీ!"

"మరి నాది?"

"పేరు పిలిచి ఇస్తారండీ. కాఫీకి పేరు చాలు, పెళ్ళిరోజు చెప్పక్కర్లేదు."

నీళ్ళ మీద వెలుగు మెల్లగా వాళ్ళ కాళ్ళ దాకా వచ్చింది. ఆవిడ సగం తాగి, గ్లాసు ఆయన చేతిలో పెట్టి, పైన తువ్వాలు కప్పింది.

"పైకి చెప్పకండి."