పదకొండు గంటల కల

"నెల కాదు, ఏడాది కాదు. పద్దెనిమిదేళ్ళ నుంచి ఆ కిటికీకి అడ్డంగా నిలబడి ఉంది మీ బీరువా."

"నిలబడనీ. నిన్నేమైనా కుర్చీ వెయ్యమని అడిగిందా?"

బల్ల దగ్గర అందరూ టిఫినుకు కూర్చునేసరికే ఈ వాదన సగం దూరం నడిచేసింది. ఇల్లాలు బట్టలు కుడుతుంది. హాల్లో ఓ మూల, పట్టపగలు లైటు వేసుకుని, నల్లగుడ్డ మీద నల్లదారం వెతుక్కుంటూ కుడుతుంది. వెనకగదిలో నిలువెత్తు కిటికీ ఉంది. దాని దగ్గర మిషను వేసుకుంటే చాలు, ఈ జన్మకు ఇంకేమీ అక్కర్లేదనిపిస్తుంది ఆవిడకు. కాని కిటికీ ముందు మామగారి చెక్క బీరువా ఉంది. దాని తాళంచెవి ఎక్కడ పెట్టారో చెప్పకుండానే ఆయన పోయారు.

"నాన్న కాగితాలన్నీ అందులోనే ఉన్నాయి. టన్ను బరువు! ఆరుగురు మనుషులుంటే గాని కదలదు," అన్నాడు భర్త.

"అయితే ఆరుగురిని పిలవండి."

"నేను ఎవరి పక్షమూ కాదమ్మా," అంది అత్తగారు. "కాని మీ మామగారి వస్తువు జోలికొస్తే మాత్రం ఊరుకోను."

పళ్ళడాక్టరు దగ్గర పనిచేసే కూతురు గడియారం చూసుకుని, ఎవరి పక్షమూ వహించే తీరిక లేక వెళ్ళిపోయింది.

ఇల్లాలు ఖాళీ ప్లేట్లు తీసేసింది. ఓడిపోవడం ఆవిడకు కొత్త కాదు. కాకపోతే ఓడిపోయిన రోజుల్లో ఆవిడకు గొప్ప గొప్ప కలలొస్తాయి. పాలు పొంగేలోగా అవి ఆవిరైపోతుంటే చూడలేక, కూతురే ఓ ఉపాయం చెప్పింది: "లేవగానే ఫోనుకి చెప్పెయ్యమ్మా. నువ్వు ఏ టైముకంటే ఆ టైముకి గుర్తుచేస్తుంది." అప్పటినుంచీ ఆవిడ కళ్ళు తెరవకుండానే కలను ఫోనుకు అప్పజెప్పి, పదకొండు గంటలకు ఇంటిపని తెమిలాక తీరిగ్గా వినేది. నాలిక కింద పటికబెల్లం పెట్టుకున్నట్టు అయిదు నిమిషాలు ఆ కలలో ఉండి, మళ్ళీ మిషను ముందు కూర్చునేది.

పోయిన ఆదివారం అదే కూతురు మరో మంచిపని చేసింది. నాన్నమ్మకు చూపు ఆనడం లేదని ఫోను పైకి చదివేలా మార్చింది. పనిలో పనిగా, ఆ చదివే ఏర్పాటుతో సహా, ఇంట్లో నాలుగు ఫోన్లనూ ఒకే ఖాతాలో కలిపేసింది. ఆ సంగతి ఎవరికైనా చెప్పాలన్నది మాత్రం మర్చిపోయింది.

వాదన జరిగిన మర్నాడు ఉదయం పదకొండింటికి ఇల్లాలు రెండు వీధుల అవతల కుట్టిన బట్టలు ఇవ్వడానికి వెళ్ళింది. ఫోను దిండు పక్కనే ఉండిపోయింది. భర్త భూమి కొలతల ఆఫీసులో సమావేశంలో ఉన్నాడు. పెద్దసారు ఏదో అడిగితే లేచి నిలబడ్డాడు. సరిగ్గా అప్పుడు ఆయన జేబులోంచి ఓ ఆడగొంతు ప్రశాంతంగా పలికింది:

"గుర్తుచేస్తున్నాను. బీరువా ఎగిరింది. కిటికీలోంచి నీళ్ళు గదిలోకి వచ్చేశాయి. అత్తగారు పడవెక్కారు. ఆయన మాత్రం ఫైలు పట్టుకుని నిలబడ్డారు."

ఆయన తన చేతిలోకి చూసుకున్నాడు. ఫైలే.

"ఇంకా నిలబడతావేంటయ్యా!" అని పెద్దసారు జీపు తాళాలు అందుకున్నాడు. వెనకే నలుగురు సహోద్యోగులు, కొలతల గొలుసుతో సహా ఎక్కేశారు. అక్కడ పళ్ళ ఆసుపత్రిలో కూతురు, తన ఫోనులోనూ అదే విని, నోరు తెరిచిన మనిషిని అలాగే వదిలేసి, ప్లంబరుకు ఫోన్ చేసింది.

ఇంట్లో అత్తగారు కూడా విన్నది. ఇంట్లో చుక్క నీరు లేదని ఆవిడకు తెలుసు. అందుకే పడవ అన్న మాట సూటిగా తగిలింది. సంచీలో రెండు చీరలు సర్దుకుని గుమ్మంలో కూర్చుంది.

"అమ్మా! నీళ్ళెక్కడ?" అంటూ కొడుకు పరిగెత్తుకొచ్చాడు.

"పడవెక్కడరా? నన్ను సాగనంపడానికి ఇంత కవిత్వం దేనికి? పొమ్మంటే పోనా?"

ఆయనకు ఆ మాటలు చెవికెక్కలేదు. హాలు పొడిగా ఉంది. వంటిల్లు పొడిగా ఉంది. వెనకగది కూడా పొడిగానే ఉంది. ప్లంబరు గోడకు చెవి ఆనించి, "కనబడటం లేదంటే, కనబడనిచోటే ఉండాలి సార్," అన్నాడు.

ఇల్లంతటికీ కనబడనిచోటు ఒక్కటే.

"బీరువా వెనక! నాన్న కాగితాలు! పట్టండి!"

ఆరుగురూ నడుం బిగించి, టన్ను బరువు లేపే ఊపుతో ఒక్కసారిగా ఎత్తారు. బీరువా ఎగిరింది. దానితోపాటు వాళ్ళు కూడా నాలుగడుగులు వెనక్కి వెళ్ళి దాన్ని వెల్లకిలా పడేశారు. తలుపులు ఊడిపోయాయి. లోపల చెదలు ఎప్పుడో పని ముగించి వెళ్ళిపోయాయి. ఒకే ఒక్క ఫైలు మిగిలింది. ప్లంబరు కిటికీ గడియ లాగాడు. పద్దెనిమిదేళ్ళుగా బయట కాచుకున్న వెలుగు ఒక్కసారి గదిలోకి దూకి, నేలంతా పరుచుకుని, గోడలమీద మెల్లగా కదిలింది. కాగితాల పొడి అందులో బంగారు రంగున తేలుతోంది.

ఇల్లాలు తిరిగొచ్చేసరికి పెద్దసారు తుమ్ముతున్నాడు. అత్తగారు కాళ్ళు లాగుతున్నాయని వెల్లకిలా పడ్డ బీరువాలోనే కూర్చుని, కాళ్ళు చాపుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని, ఎండ కాచుకుంటోంది. భర్త గది మధ్యలో ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయి, తన చేతిని ఓసారి గిల్లుకుంది.

"నా కల మీకెవరు చెప్పారండీ?" అంది.

"కలా?" అన్నాడు ఆయన నీరసంగా.

"కలయితే కల అని ముందే చెప్పకూడదూ అమ్మాయ్? చీరలు సర్దుకునే శ్రమ తప్పేది," అంది అత్తగారు. లేచే ఉద్దేశం మాత్రం ఆవిడకు ఉన్నట్టు లేదు.

అప్పుడే కూతురు రొప్పుతూ వచ్చింది. అందరూ ఇల్లాలి వైపే చూశారు. ఆవిడ దిండు పక్కనుంచి ఫోను తెచ్చుకుని, కిటికీ దగ్గర నిలబడి, నెమ్మదిగా చెప్పింది:

"గుర్తు పెట్టుకో. రేపట్నుంచి నా మిషను ఈ గదిలో. బీరువా ఇక్కడికి రాదు. రోజూ ఉదయం పదకొండింటికి అందరికీ గుర్తుచెయ్యి."

"అలాగే," అంది ఫోను.

ఆఫీసులో ఆయన సమావేశం కూడా రోజూ పదకొండింటికే.