అతికీ అతకని పేర్లు

ఆ ఉదయం షీల్డులాయన వేసుకున్న పథకం చిన్నదే. పదింటికల్లా ముప్పై ఆరు షీల్డులు యూనివర్సిటీ ఆడిటోరియంలో దించాలి. పదకొండింటికి ముందు వరసలో కూర్చోవాలి. కెమిస్ట్రీలో మొదటి బహుమతి అందుకునే కూతుర్ని కళ్లారా చూడాలి. ఇరవై ఏళ్లుగా పరుల పిల్లల పేర్లు చెక్కిన మనిషి ఆయన. "అందరి పిల్లలకీ షీల్డులు చేస్తావు, నీ ఇంటి గోడకి ఒక్కటైనా ఉందా బావమరిదీ?" అని అక్క మొగుడు ఏటా అడిగేవాడు. ఈసారి ఆ బావగారినే పక్క కుర్చీలో కూర్చోబెట్టుకోబోతున్నాడు.

ఆయన పనిలో ఒక కిటుకుంది. సబ్జెక్టూ, బహుమతి స్థానమూ చెక్క మీదే చెక్కేస్తాడు. పేరున్న ఇత్తడి పలకను మాత్రం జిగురు టేపుతో అంటిస్తాడు. ఆఫీసువాళ్లు ఆఖరి క్షణంలో పేర్లు మారుస్తారు కాబట్టి, పలక ఒక్కటే పోతుంది, చెక్క మిగులుతుంది. ఇన్నేళ్లలో ఈ లెక్క ఎన్నడూ తప్పలేదు. ఈసారి ఎండలో నిలబెట్టిన రేకు వ్యానులో, వేడికి జిగురు కరిగి, తప్పింది. తలుపు తీసేసరికి షీల్డులన్నీ బోడిగా ఉన్నాయి, పలకలన్నీ అడుగున కుప్పగా పడి ఉన్నాయి.

ఎవరికి ఏ బహుమతో రాసిన జాబితా వేదిక మీద, అప్పటికే కూర్చున్న అతిథుల ముందు ఉంది. ఆయన దగ్గరి నకలు దుకాణం బల్ల మీద ఉండిపోయింది. ఆఫీసు గుమాస్తా గడియారం చూశాడు.

"చేతికందింది అంటించేయండి. స్టేజీ మీద ఎవరు చదవొచ్చారు? తర్వాత వాళ్లే మార్చుకుంటారు."

షీల్డులాయన కూతురి పలకను చొక్కాతో తుడిచి, కెమిస్ట్రీ మొదటి షీల్డుకు పొందికగా అంటించాడు. మిగతా ముప్పై ఐదింటినీ దేవుడికి వదిలేశాడు.

పిల్లలు చదివారు. ఫిజిక్స్ మొదటి బహుమతి అందుకున్న కుర్రాడి షీల్డు మీద ఎవరో అమ్మాయి పేరుంది. ఆ అమ్మాయి తల్లి లేచి, మొదటి ర్యాంకు మా పిల్లదే, ఎవరో మార్చేశారు అంది. పది నిమిషాల్లో, ర్యాంకులన్నీ తారుమారయ్యాయన్న మాట హాలంతా పాకింది. కెమిస్ట్రీ వంతు రాకుండానే పంపిణీ ఆగిపోయింది.

టేపు ఊడిందండీ అని ఒక్క మాట చాలు. షీల్డులాయన ఆ మాటను నాలుక చివర పెట్టుకుని తూచాడు. చెబితే వచ్చే ఏటి ఆర్డరు పోతుంది. ఊరుకుంటే పోయేదేమీ లేదు, గొడవ దానంతటదే చల్లారుతుంది. ఊరుకున్నాడు.

చల్లారలేదు. పరీక్షల అధికారి, మచ్చ తన మీద పడకూడదని, జవాబు పత్రాలన్నీ తెప్పించి అక్కడికక్కడే మార్కులు తిరిగి కూడించడం మొదలుపెట్టాడు. అప్పుడు షీల్డులాయన పరుగెత్తుకెళ్లి టేపు సంగతి ఎత్తబోయాడు.

"మీ సరుకు మీరు చూసుకోండి, మా మార్కులు మేం చూసుకుంటాం," అన్నాడు అధికారి తల ఎత్తకుండా.

రెండు గంటలకు లెక్క తేలింది. పన్నెండు సబ్జెక్టుల్లో పదకొండు అణా పైసలతో సహా సరిపోయాయి. కెమిస్ట్రీలో మాత్రం ఒక పేపరులో ఒక పేజీ మార్కులు రెండుసార్లు కలిశాయి. ఆ పేపరు షీల్డులాయన కూతురిది. ఆమె నాలుగో స్థానానికి దిగింది. షీల్డులు మూడో స్థానం వరకే.

ఇక పలకలెలా మారాయని అధికారి గుమాస్తాను నిలదీశాడు. గుమాస్తా తన ఉద్యోగం తాను కాపాడుకున్నాడు. ర్యాంకుల్లో ఏదో తేడా ఉందని షీల్డులాయనకే అనుమానం వచ్చిందనీ, అది బయటపడాలని ఆయనే కావాలని పలకలు తారుమారు చేశాడనీ చెప్పాడు. అధికారి కళ్లు చెమర్చాయి. మైకు అందుకుని, సొంత కూతురికి నష్టమని తెలిసీ నిజం వైపు నిలబడ్డ తండ్రి అని పొగిడాడు. వచ్చే ఏటి ఆర్డరు కూడా ఆయనకేనని ప్రకటించి సభ ముగించాడు. హాలంతా లేచి నిలబడింది. బావగారు కొట్టినంత గట్టిగా చప్పట్లు ఇంకెవరూ కొట్టలేదు.

జనం పల్చబడ్డాక కూతురు దగ్గరికి వచ్చింది. ఏడవడం లేదు. అందుకే ఆయనకు భయమేసింది.

"నాన్నా, కావాలనే చేశావా?"

అవునంటే కూతురు పోతుంది. కాదంటే ఆర్డరు పోతుంది. నాలుగడుగుల దూరంలో గుమాస్తా, అధికారి ఇటే చూస్తున్నారు.

"సభ అయ్యాక చెబుతానమ్మా," అన్నాడు.

సభ అయిపోయి అప్పటికి పావుగంటయింది.