పొడుగు గీత

నెల్లిమర్ల అవతల మందుల పొడి చేసే చిన్న ఫ్యాక్టరీలో త్రినాథ్ కెమిస్టు. ఆ పొద్దున ఓనరు నారాయణమూర్తికి దిగుబడి ఎందుకు తగ్గిందో చూపించి, భోజనాల వేళకి భార్యతో బొబ్బిలి వెళ్లాలనుకున్నాడు. కొన్నాళ్లుగా వేసిన సరుక్కి తగ్గ పొడి రాక, ఆ దిగుబడి పడిపోతోంది. ఎందుకో చెప్పలేకపోతే రేపట్నుంచి రావద్దని ఓనరు అనేశాడు.

దానికోసం కొత్త కంప్యూటరు తెచ్చారు. మందు వండే రియాక్టరుకి ఎంత వేడి పెట్టాలో చెబుతుంది, ఎందుకో కూడా చెబుతుంది. దిగుబడిని ఏది ఎంత మారిస్తే దాని గీత అంత పొడుగు. పెంచేది ఆకుపచ్చ, తగ్గించేది ఎరుపు. వేడి, టైము, గేటు కెమెరా బొమ్మలు, క్యాంటీను లెక్కలు, అన్నీ దానికి ఎక్కించారు.

త్రినాథ్ మీట నొక్కాడు. అన్నిటికన్నా పొడుగ్గా ఒక ఎర్ర గీత వచ్చింది. పక్కన ఓనరు పేరు.

"ఏటంటన్నాది బాబూ?" అన్నాడు రియాక్టరు నడిపే పోతురాజు.

"సారు వచ్చినప్పుడల్లా దిగుబడి పోతన్నాదంట."

"పోదేటి మరి. ఫోను ఇనబడ్డం లేదని కలిపే మోటారు ఆపించెస్తాడు. సరుకు అడుగంటిపోతాది."

"అది నాకూ తెలుసు. చూపిస్తే నా ఉద్యోగం ఏటవుతాది?"

"నాదీ పోతాది. సెరిపీ బాబూ."

త్రినాథ్ ఓనరు పేరు తీసేశాడు. ఆ చోట తెల్ల కారు వచ్చింది. కారు తీసేస్తే ఏసీ గది వచ్చింది. అదీ తీసేస్తే పంచదార లేని టీ వచ్చింది. ఫ్యాక్టరీలో ఆ టీ తాగేది ఒక్కడే.

"ఈ కంప్యూటరుకి బయం లేదు," అన్నాడు పోతురాజు. "జీతగాడు కాదు కదా."

కంగారులో త్రినాథ్ ఏదో నొక్కాడు. తీసేసినదంతా తిరిగి వచ్చింది. అప్పుడే వెనక నుంచి ఓనరు గొంతు.

"ఆ పొడుగు గీత ఎవరిదయ్యా?"

"మీదే సార్."

"వేడిదో?"

"మీ కింద సార్."

"ఎర్రగా ఉన్నాదేటి?"

త్రినాథ్ తెరకి అడ్డంగా జరిగాడు. "అదే సార్, చెప్పాలంటే..."

"చెప్పక్కర్లేదు. అన్నిటికీ నేనే ముఖ్యం. అలాంటోణ్ని గంటసేపు వచ్చి పోతంటే దిగుబడి పడిపోదేటి? ఇంక పొద్దస్తమానం ఇక్కడే ఉంటాను." ఆ సంగతి భార్యకి చెప్పడానికి ఫోను తీశాడు. "ఒరే పోతురాజూ, మోటారు ఆపు. ఇనబడ్డం లేదు."

పోతురాజు త్రినాథ్ వైపు చూశాడు. త్రినాథ్ గీత వైపు చూశాడు. మోటారు ఆగింది.

ఉద్యోగం నిలబడింది. ఓనరు అక్కడే కూర్చోవడంతో బొబ్బిలి ప్రయాణం నిలబడలేదు. నెలనెలా గీత ఇంకా పొడుగవుతోంది. నారాయణమూర్తి దాన్ని అచ్చు తీయించి, ప్రతిసారీ ఇంకా పెద్ద ఫ్రేము కట్టిస్తున్నాడు.